పోతన్న చెయ్యి

కాసులమ్మ అబద్ధమాడే మనిషి కాదు. ఆ సంగతి అనకాపల్లి మిషనాసుపత్రిలో ఎవర్నడిగినా చెబుతారు. ఎంత పెద్ద కామందైనా సరే, మందు మింగినట్టు నటించి మంచం కింద ఉమ్మేశాడంటే, డాక్టరమ్మ వచ్చేదాకా అక్కడే నిలబడి "ఉమ్మీసేడండి" అని మొహం మీదే చెప్పేసే రకం. కశింకోటలో పుట్టింది. ఇరవై రెండేళ్లకే మొగుడు పోయాడు. కాలి మీద మానని పుండుతో ఆసుపత్రికి వచ్చి, పుండు మానాక ఇంటికి పోవడానికి ఇల్లంటూ లేక అక్కడే ఉండిపోయింది. మొదట గదులు తుడిచింది, తరవాత కట్లు కట్టడం నేర్చింది, రెండేళ్లు పెద్దరోగం వార్డులో, అంటే కుష్ఠురోగుల దగ్గర, పనిచేసింది. బాప్తిస్మమప్పుడు కరుణమ్మ అని పేరు పెట్టారు గానీ, ఆ పేరు రిజిస్టర్లో తప్ప ఎవరి నోటా పలకలేదు. పల్లెల్లో అందరికీ ఆమె కాసులప్పే. ఆ వైపు అక్కను అప్ప అంటారు.

అలాంటి మనిషి పందొమ్మిదివందల నలభై నాలుగో సంవత్సరం పుష్యమాసంలో ఒక అబద్ధమాడింది. పెద్దదేం కాదు, నాలుగే నాలుగు మాటలు. ఆడేటప్పుడు నాలుక తడబడనైనా లేదు. తరవాత తల్చుకున్నప్పుడల్లా ఆమెకు అన్నిటికంటే ఎక్కువ ఏడుపొచ్చింది దానికే.

జరిగిందేమిటో చెబుతాను. ఆసుపత్రివాళ్లు ప్రతి బుధవారం పల్లెలకు బండి కట్టేవారు. బండిలో మందుల పెట్టె, కట్ల మూట, డాక్టరమ్మ. వెనకాల కాళ్లు వేలాడేసుకుని కాసులమ్మ. అన్ని వైపులా వెళ్లారు గానీ, మునగపాక దారిలో ఉన్న ఒక ఊళ్లో మాత్రం మూడేళ్లయినా కాలు నిలపడానికి చోటు దొరకలేదు. వీళ్లు మందులో ఏదో కలిపి దేవుణ్ణి మార్చేస్తారని ఒక పుకారు. ఎవరి అరుగు మీద కూర్చుంటే ఊళ్లో రోగాలన్నీ ఆ ఇంటికి చేరతాయని ఇంకో భయం. పొలం గట్టు మీద చాప పరుచుకుని కూర్చుంటే, ఎండకి రోగికంటే ముందు డాక్టరమ్మే పడిపోయేట్టుండేది. అక్కడ చూస్తే చలిజ్వరాలు, పుసి కట్టిన కళ్లు, పిల్లల తలల నిండా పుళ్లు. యుద్ధం పుణ్యమా అని క్వినైనుకి కరువు. ఉన్న నాలుగు మాత్రలైనా సరైనవాడి నోట్లో పడాలంటే రోగిని నింపాదిగా కూర్చోబెట్టి చూడాలి. అందుకు నీడ కావాలి.

ఆ నీడ కన్నబాబు నాయుడి దగ్గరుంది. చెరుకు తోటలు, ఇనప గానుగ, బెల్లం వండే పాక, ఆ పాకకు ఆనుకుని పెంకుల సావిడి. ఆయన మనవడికి చలిజ్వరం తగిలితే, కాసులమ్మ తొమ్మిది రోజులు పొద్దున్నే అనకాపల్లి నుంచి నడిచి వెళ్లి, వాడు గీపెడుతుంటే ముక్కు మూసి మరీ మందు మింగించింది. పదో రోజున వాడు లేచి చెరుకు ముక్క కావాలని పేచీ పెట్టాడు. ఇదే అదను అనుకుని, మర్నాడు మధ్యాహ్నం కాసులమ్మ బెల్లం పాకలోకి వెళ్లి సావిడి సంగతి అడిగింది.

పొయ్యిలో చెరుకు పిప్పి భగభగ మండుతోంది. పెనంలో రసం చిక్కబడి బుడగలు వేస్తోంది. పెనం దగ్గర తెడ్డు పట్టుకుని పోతన్న. ముప్పై ఐదేళ్లుంటాయి, మనిషి నల్లగా గట్టిగా ఉంటాడు, మాట తక్కువ. అతని చేతి బెల్లం అనకాపల్లి మండీలో దించితే వర్తకులు అచ్చు విరిచి చూడకుండానే కొంటారని పేరు. పాకం వచ్చిందో లేదో చూడాలంటే ఎవరైనా వేళ్లు చన్నీళ్లలో ముంచి, పాకం చిటికెడు లాగి, చటుక్కున మళ్లీ నీళ్లలో పెడతారు. నిరుటిదాకా పోతన్న కూడా అంతే. ఈ ఏడాది మాత్రం అతనికి నీళ్ల అవసరం లేకపోయింది. పనితనం ముదిరిందని ఊరంతా మురిసిపోయింది.

"సూడు కాసులమ్మా, మావోడి సెయ్యి సూడు. అగ్గి ఈడికి సుట్టం" అన్నాడు నాయుడు, మీసం దువ్వుకుంటూ.

పోతన్న పొడి వేళ్లతో సలసల కాగుతున్న పాకం తీశాడు. అరచేతిలో వేసుకుని ఉండ చేశాడు. తీసి నీళ్లలో వేస్తాడనుకుంటే వెయ్యలేదు, అలాగే పట్టుకుని నిలబడ్డాడు. చుట్టూ ఉన్న కూలీలు "ఓలమ్మో" అని నవ్వారు.

కాసులమ్మ నవ్వలేకపోయింది. పోతన్న చిటికెన వేలి మీద బొబ్బ చితికి పచ్చి మాంసం కనబడుతోంది. ఆ పచ్చి మీదే పాకం అంటుకుని ఉంది. అతని మొహంలో ఒక్క గీతైనా కదల్లేదు. మోచేతి కింద రూపాయంత పాలిపోయిన మచ్చ ఉంది. పొయ్యి సెగకి ఒళ్లంతా చెమటలు కారిపోతున్నాయి, ఆ మచ్చ మీద మాత్రం చుక్క తడి లేదు. రెండేళ్లు ఆ వార్డులో కట్లు కట్టిన మనిషికి ఇంకేం కావాలి? ఇది పెద్దరోగమే.

సరిగ్గా అప్పుడే నాయుడు అన్నాడు. "సరేలే, నీ గోల పడనేను. వచ్చే బుధవారం కాణ్ణించి మా సావిడిలో పెట్టుకోండి. మీ డాక్టరమ్మకి సెప్పు."

మూడేళ్లు! మూడేళ్లు తిరిగిన కాళ్లు! ఆమె నాయుడికి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది. వెనక్కి తిరిగేసరికి పోతన్న చెయ్యి ఆమె ముందుకు చాచి ఉంది.

"ఏటప్పా అలా సూత్తన్నావు? ఎలాగుంది నా సెయ్యి?" అన్నాడు.

అందరూ ఆమె వైపే చూస్తున్నారు. నాయుడు చూస్తున్నాడు. కాసులమ్మ చిరునవ్వు తెచ్చుకుంది.

"దేవుడిచ్చిన సెయ్యి తమ్ముడూ, దీనికేటి!" అంది.

అందరూ గొల్లున నవ్వారు. పోతన్న చెయ్యి వెనక్కి తీసుకుని, తలగుడ్డ సర్దుకుని, మళ్లీ తెడ్డు పట్టుకున్నాడు.

తిరిగి వెళ్తూ దారి పొడుగునా కాసులమ్మ తనకు తనే సర్దిచెప్పుకుంది. చెబితే ఏమవుతుంది? పోతన్న పని మానాలి. పెద్దరోగం ఉన్నవాడి చేత బెల్లం వండించకూడదు కదా. సీజను మధ్యలో మానేస్తే నాయుడు ఊరుకుంటాడా, ఎందుకని గుచ్చి గుచ్చి అడుగుతాడు. సంగతి పొక్కిందంటే ఆ పాక బెల్లం మండీలో ఎవడూ ముట్టడు. పోతన్నని ఊరి బయట కూర్చోబెడతారు. ఆ మాట మోసుకొచ్చిన ఆసుపత్రిని చీపురు తిరగేసి తరుముతారు. సావిడీ పోతుంది, క్వినైనూ పోతుంది. ఉగాదికి గానుగ ఆగిపోతుంది గదా, అప్పుడు చెవిలో చెబుదాం. మూడు నెలలు! ఈ రోగం ఏళ్ల తరబడి ఒంట్లో ఉండేది, మూడు నెలల్లో మునిగిపోయేదేముంది?

వినడానికి ఎంత బాగుంది! అందులో ఒక్క మాట కూడా తప్పు లేదనిపించింది ఆమెకు. అసలు మాట ఒకటి అడుగున ఉండిపోయింది, దాన్ని మాత్రం పైకి రానివ్వలేదు. సావిడి సంపాదించుకొచ్చిన సంగతి డాక్టరమ్మకి చెప్పాలని ఆమె కాళ్లు తొందరపడుతున్నాయి. ఆ సంతోషానికి తోకగా ఈ చావు కబురు మోసుకెళ్లడం ఆమెకు ఇష్టం లేదు. అదీ సంగతి.

డాక్టరమ్మ ఆ ఆదివారం ప్రార్థనలో అందరి ముందూ లేచి నిలబడి, "మూడేళ్లుగా మూసి ఉన్న తలుపు దేవుడు మన కాసులమ్మ చేతుల మీదుగా తెరిచాడు" అంది. ఆసుపత్రంతా ఆమె వైపు తిరిగి చూసింది. కాసులమ్మ తల వంచుకుంది. అణకువ అనుకున్నారు అందరూ.

బుధవారం బుధవారం సావిడి నిండిపోయేది. మొదటి వారం ఇరవైమంది వస్తే మూడో వారానికి అరవై దాటారు. కళ్లు తెరవలేని పిల్లలు వారం తిరిగేసరికి సావిడి స్తంభాల చుట్టూ దాగుడుమూతలు ఆడుకున్నారు. చూసి ఎవరైనా పొంగిపోతారు. కాసులమ్మ కూడా పొంగబోయేది. అంతలో గోడ అవతల నుంచి తెడ్డు పెనానికి తగిలిన చప్పుడు వినబడేది. వెంటనే వంగి కట్ల మూట విప్పడం మొదలుపెట్టేది.

పోతన్నకు ఎదురుపడకుండా గానుగ వెనకనుంచి చుట్టు తిరిగి రావడం మొదలుపెట్టింది. ఒకటి రెండుసార్లు అతనే ఎదురై, "బాగున్నావేటప్పా?" అన్నాడు. "బాగున్నాను నాయనా" అంటూ మందుల పెట్టె సర్దుకుంది. పెట్టెలో సర్దడానికేమీ లేదు. రోజూ ప్రార్థనలో మాత్రం దేవుడితో బేరమాడేది. ఉగాది దాకా తండ్రీ, ఒక్క ఉగాది దాకా అతని చేతులు కాపాడు, తరవాత నేను చూసుకుంటాను. దేవుడు పలకలేదు. పలకనప్పుడు ఒప్పుకున్నట్టే అనుకుంది.

మాఘం వెళ్లిపోతున్న రోజులు. బుధవారం పొద్దున పదిన్నర అయ్యుంటుంది. సావిడిలో ఒక ముసలాయన తల వెనక్కి వంచి కళ్లలో చుక్కలు వేస్తోంది కాసులమ్మ. గోడ అవతల కూలీల మాటలు వినబడుతున్నాయి.

"ఏటోరే కమురు వాసనొత్తంది?"

"పిప్పిలో గుడ్డముక్క పడిపోనాదేటో సూడండి."

"నాకూ వత్తంది. పొయ్యి కింద సూడు బావా." ఈ గొంతు పోతన్నది.

కాసులమ్మ చేతిలోని చుక్కల సీసా ఎక్కడ పడిందో తెలీదు. గోడ చుట్టూ తిరిగి పరిగెత్తింది. పోతన్న ఒక చేత్తో తెడ్డు పట్టుకుని, వంగి పొయ్యి కింద వాసన ఎక్కణ్ణించి వస్తోందా అని వెతుకుతున్నాడు. రెండో చెయ్యి, కుడి చెయ్యి, కాలుతున్న పెనం అంచు మీద ఆనుకుని ఉంది. దాని మీదే బరువంతా మోపాడు. ఆమె మణికట్టు పట్టుకుని ఒక్క లాగు లాగింది. చెయ్యి వచ్చింది గానీ అరచేతి తోలు పెనానికే ఉండిపోయింది.

పోతన్న తన చెయ్యి తనే చూసుకున్నాడు. అరవలేదు, ఏడవలేదు. ఆ అరవకపోవడం చూసి పాకలో ఒక్కొక్కరే రెండడుగులు వెనక్కి వేశారు.

కాసులమ్మ తడిగుడ్డ చుట్టి సావిడిలోకి తీసుకొచ్చింది. డాక్టరమ్మ అందర్నీ బయటికి పంపించి తలుపు వేయించింది. పోతన్నని కళ్లు మూసుకోమంది. దూది సన్నగా పేని, "ఎక్కడ తాకానో వేలు పెట్టి చూపించు నాయనా" అంది. మెడ మీద తాకింది, చూపించాడు. భుజం మీద, చూపించాడు. మోచేతి కింద తాకింది. పోతన్న కళ్లు మూసుకుని అలా కూర్చునే ఉన్నాడు. చెయ్యంతా తడిమి చూసి డాక్టరమ్మ దూది పక్కన పడేసింది.

కట్టు కట్టాక కాసులమ్మను పక్కకి పిలిచింది. "మూడు వేళ్లు దక్కవు. ఈ రోగం ఇతనికి ఇవాళొచ్చింది కాదు. రెండు నెలల ముందు నా కంటపడినా ఈ చెయ్యి ఇలా పోనిచ్చేదాన్ని కాదు. అవునుగానీ, నువ్వు వారం వారం తిరిగే చోటే కదా ఇది. నీ కంటికి ఏమీ ఆనలేదా కాసులమ్మా?"

నేల రెండుగా చీలి మింగేస్తే బాగుండుననిపించింది. నోరు తెరిచింది. నోట్లోంచి వచ్చిన మాట ఇది: "లేదమ్మా. నేను సూడలేదు."

అదీ రెండో అబద్ధం. మొదటిదాని వెనక అరవైమంది రోగులున్నారని చెప్పుకోవచ్చు. దీని వెనక ఎవరున్నారు? కాసులమ్మ ఒక్కత్తే ఉంది.

పోతన్నని ఆసుపత్రిలో చేర్చారు. కాలిన గాయమనే ఊళ్లో చెప్పారు, వార్డులో కూడా వేరే గదిలో ఉంచారు. నాయుడికి అనుమానం రాకుండా డాక్టరమ్మే వెళ్లి, గాయం లోతుగా ఉంది, ఇక ఈ సీజను పనికిరాడు, వేరేవాణ్ణి చూసుకోమని చెప్పి వచ్చింది. నాయుడు కాస్త గొణిగి సరేనన్నాడు. అంత తేలిగ్గా! కాసులమ్మ ఆ మాట విని గోడకి చేరబడిపోయింది. పుష్యంలోనే తను వచ్చి డాక్టరమ్మతో చెప్పుంటే, బొబ్బ చూపించి ఈ ముక్కే చెప్పి పని మాన్పించేది కదా. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. అడిగుంటే కదా! ఊరంతా తగలబడిపోతుందని తనే ఊహించుకుని, తనే భయపడి, తనే తీర్పు చెప్పేసుకుంది.

మూడు వేళ్లు తీసేశారు. వారానికి రెండుసార్లు పెద్దరోగానికిచ్చే నూనె సూదులు మొదలుపెట్టారు. ఆ సూది నొప్పి మొనగాళ్లను కూడా ఏడిపిస్తుంది. పోతన్న పళ్లు బిగబట్టి గోడవైపు తిరిగేవాడు. రోజూ కట్టు మార్చేది కాసులమ్మే. ఆ పని ఇంకెవరికీ ఇవ్వనని పట్టుబట్టింది. అందరూ ఎంత ఓపికో అన్నారు.

ఒకరోజు కట్టు విప్పుతుంటే పోతన్న అడిగాడు. "అప్పా, ఈ సెయ్యి మళ్లీ తెడ్డు పడతాదేటి?"

కాసులమ్మకు కళ్లు మసకబారి కట్టు వంకరగా కట్టి, మళ్లీ విప్పి కట్టింది.

పోతన్న భార్య తలుపులమ్మ గంజి ముంత పట్టుకుని రోజూ నడిచి వచ్చేది. వచ్చినప్పుడల్లా కాసులమ్మ చేతులు కళ్లకద్దుకునేది. "నువ్వు పరిగెత్తుకొచ్చి లాగకపోతే సెయ్యంతా పోయీదేమో తల్లీ. మా పాలిట దేవతవి" అనేది. కాసులమ్మకు ఆ మాట వింటుంటే వాతలు పెట్టినట్టుండేది. చేతులు లాక్కునేది. తలుపులమ్మ అదీ అణకువే అనుకుంది. అందరికీ అదే మాట దొరికింది!

తిండి సయించలేదు. ప్రార్థనలో కూర్చుంటే తన చేతులు తనకే పరాయివిగా కనబడ్డాయి. పోతన్నని ఇంటికి పంపించిన మర్నాడు ఇక ఉండబట్టలేక డాక్టరమ్మ గదికి వెళ్లింది. కూర్చోమన్నా కూర్చోలేదు. పుష్యమాసం దగ్గర మొదలుపెట్టి, పాకం ఉండ, చిటికెన వేలు, పొడిగా ఉన్న మచ్చ, సావిడి, ప్రార్థనలో పొగడ్త, ఉగాది బేరం, రెండో అబద్ధం, అన్నీ చెప్పింది. ఒక్కటీ దాచలేదు.

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"క్షమించమని నన్ను అడగడానికి వచ్చావా?"

"అవునమ్మా."

"పోయిన వేళ్లు నావి కాదుగా. వాటి యజమాని దగ్గరికి వెళ్లు."

అరిచి ఉంటే బాగుండేది. తిట్టి, పనిలోంచి తీసేస్తే ఇంకా బాగుండేది. కాసులమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, కట్ల సంచి భుజాన వేసుకుని అప్పటికప్పుడే బయల్దేరింది.

ఉగాది ఇంకా నాలుగు రోజులుంది. కోసేసిన చెరుకు తోటల్లో ఆకు తగలబెడుతున్నారు. పోతన్న ఇల్లు ఊరి చివర. తాటాకు పంచలో నులక మంచం మీద కూర్చుని ఎడమ చేత్తో తాడు పేనడం నేర్చుకుంటున్నాడు. ఒక కొస కాలి బొటనవేలికి చుట్టుకున్నాడు. ఆమెను చూసి లేవబోయాడు. గడప దగ్గర కూర్చుని అతని ఆరేళ్ల కూతురు బంగారుతల్లి చింతగింజలు ఆడుకుంటోంది. లోపలినుంచి తలుపులమ్మ ఖాళీ గ్లాసుతో తల బయటపెట్టి, "రాప్పా, మజ్జిగ తెత్తాను" అంది.

"మజ్జిగ వద్దు. నువ్వూ ఇలారా. నీకూ సెప్పాలి" అంది కాసులమ్మ.

మంచం పట్టె పట్టుకుని నేల మీద కూర్చుంది. "తమ్ముడూ, నాకు తెలుసు. ఆ రోజు పాకలో నీ సెయ్యి సూసినప్పుడే నాకు తెలుసు. తెలిసీ సెప్పలేదు. సావిడి పోద్దని సెప్పలేదు. మా డాక్టరమ్మ నన్ను మెచ్చుకుంటాదని సెప్పలేదు. నీ ఏళ్లు నానే తీసేసేను." అంతవరకే చెప్పగలిగింది.

తలుపులమ్మ చేతిలోని గ్లాసు అలాగే ఉండిపోయింది. పోతన్న తాడు పేనడం ఆపాడు. కోపగించుకుంటాడని కాసులమ్మ తల వంచుకుని కూర్చుంది. తిట్టనీ, కొట్టనీ, ఊరంతా వినేట్టు శాపనార్థాలు పెట్టనీ.

"నాకూ తెలుసప్పా" అన్నాడు పోతన్న మెల్లగా.

ఆమె తలెత్తింది.

"దసరా కాణ్ణించి నాకు అనుమానమే. సుట్ట ఏలిదాకా కాలినా తెలీలేదు. ఎవులితో సెప్తాను? కాలడం తెలీక నీళ్లు మర్సిపోయీవోణ్ణి, అది పనోళ్లు కనిపెట్టీకుండా పనితనం అన్నట్టు నీళ్లే మానేసేను. ఆళ్లు మెచ్చుకుంతంటే లోపల సచ్చిపోయేవోణ్ణి. ఆ రోజు నువ్వొచ్చేవు. పెద్దరోగపోళ్లకి కట్లు కట్టిన మనిషివి గదా, నీకు తెలీకుండా ఉంటాదా అనుకున్నాను. నీకు సూపిద్దారనే పాకం అంతసేపు పట్టుకున్నాను. నీ ముందు సెయ్యి సాపి అడిగేను. నువ్వేటన్నావు? దేవుడిచ్చిన సెయ్యి, దీనికేటి అన్నావు."

కాసులమ్మ మంచం పట్టె వదిలేసింది.

"నాను పొంగిపోనాను. ఇంటికొచ్చి దీంతో సెప్పేను, ఆసుపత్రప్ప సూసీసింది, ఏటీ నేదంది, అది కాదంట అని. దీనికి నవ్వే ఆగలేదు. మర్నాడు అమ్మోరికి కోడిని కోసేం. నాకు అంతకుముందు అనుమానం ఉండేది గదా, దసరా కాణ్ణించి మా బంగారుతల్లి గుంటని వేరే పడుకోబెట్టేవోణ్ణి. నా కంచంలో తిననిచ్చీవోణ్ణి కాదు. ఏడిసీది పాపం. ఆ రోజు కాణ్ణించి మళ్లీ నా పక్కలోకి తెచ్చుకున్నాను." పోతన్న తాడు కొస బొటనవేలినుంచి విప్పేశాడు. తరవాత అన్నాడు. "నీ మీద కోపం కాదప్పా. నువ్వు సెప్పేవని నమ్మేను, అంతే."

తిట్లు కాచుకుని వచ్చిన మనిషికి ఇది తగిలింది. తను నోరు మూసుకున్నాననే ఇన్నాళ్లూ ఏడ్చింది. నోరు మూసుకోలేదు. చెప్పింది. అతను అడిగాడు, తను ఏమీ లేదని చెప్పింది, వాళ్లు నమ్మి కూతుర్ని పక్కలో వేసుకున్నారు. అరవైమంది, సావిడి, ఉగాది, ఏ లెక్కా ఇక్కడ నిలబడలేదు. మంచం పట్టెకి తల ఆనించి ఆమె పెద్దగా ఏడ్చింది.

తలుపులమ్మ ఓదార్చలేదు. గ్లాసు కింద పెట్టి, గడప దగ్గరున్న పిల్లను రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. లంగా జాకెట్టు వెనక ముడి విప్పింది.

"నిన్న తలంటుతుంటే సూసేను. ఈయనకింకా సెప్పలేదు. సూడప్పా" అంది. గొంతులో తడి లేదు. "ఈపాలి ఉన్నది ఉన్నట్టు సెప్పు."

ఎడమ రెక్క ఎముక కింద, అణా బిళ్లంత, పాలిపోయిన మచ్చ. పోతన్న మంచం మీదినుంచి లేచి నిలబడ్డాడు.

ఈ రోగం రెండు మూడు నెలల్లో అంటుకునేది కాదని, పిల్లల్లో బయటపడ్డానికి ఏళ్లు పడుతుందని కాసులమ్మకు తెలుసు. ఎన్నోసార్లు డాక్టరమ్మ చెప్పగా విన్నది. ఆ తెలివి ఇప్పుడు చిల్లిగవ్వకి కొరగాలేదు. పుష్యంలో తను నిజం చెప్పి ఉంటే ఈ వీపు పుష్యంలోనే చూసేవారు. ఆమె కళ్లు తుడుచుకుని, చేతులు కడుక్కుని, సంచిలోంచి దూది తీసింది.

"బంగారుతల్లీ, ఆటాడదామా? కళ్లు మూసుకో. నాను తాకిన చోట ఏలు పెట్టి సూపించాలి. సూడకూడదు, దొంగాట పనికిరాదు."

"నాకొచ్చు" అంది పిల్ల. కళ్లు గట్టిగా మూసుకుంది.

చెంప మీద తాకింది. పిల్ల టక్కున వేలు పెట్టింది. మెడ మీద తాకితే కితకితలని నవ్వింది. మోచెయ్యి, చూపించింది. కుడి భుజం, చూపించింది. తలుపులమ్మ ఆ దూదినే చూస్తోంది. కాసులమ్మ దూది కొసను మచ్చ మీద పెట్టింది. పిల్ల కదల్లేదు. కాస్త ఒత్తి, మచ్చ మీద అటునుంచి ఇటు రాసింది. పిల్ల కళ్లు మూసుకుని, వేలు గాల్లో సిద్ధంగా పెట్టుకుని, పెదాల మీద గెలవబోతున్న నవ్వుతో నిలబడి ఉంది. ఎంతసేపటికీ ఆ వేలు ఎటూ కదల్లేదు.

"ఏటత్తా, ఇంకా తాకవేటి?" అంది చివరికి.

"తాకేనమ్మా. రెండుపాళ్లు తాకేను" అంది కాసులమ్మ. దూది కింద పెట్టింది. తలెత్తి ముందు తలుపులమ్మ కళ్లలోకి, తరవాత పోతన్న కళ్లలోకి చూసి, రోగం పేరు పైకి చెప్పింది.